స్టార్ట్ కాని లోడర్‌తో నాలుగు రోజులు: నా అనుభవం

మేము వాడే స్కిడ్ స్టీర్ లోడర్ (ముందున్న బకెట్‌తో ఇరుకు చోట్ల పనిచేసే చిన్న యంత్రం) పాతది. 12 వోల్టుల బ్యాటరీ, నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజన్, మెకానికల్ ఇంజెక్షన్ పంపు ఉన్న యంత్రం. లోపం ఏమిటో తెర మీద చదువుకునే సదుపాయం దానికి లేదు. ఒకనాటి ఉదయం మా ఆపరేటర్ కుర్రవాడు సీట్లో కూర్చుని, సేఫ్టీ బార్ కిందికి దించి, గ్లో ప్లగ్గులు సిలిండర్లను వేడిచేస్తున్నాయని చూపే దీపం ఆరేవరకు ఆగి కీ తిప్పాడు. ఇంజన్ తిరగలేదు. వెనక తలుపు లోపలి నుంచి వడ్రంగి పిట్ట చెట్టును పొడుస్తున్నట్టు టకటకమని ఎడతెగని చప్పుడు మాత్రం వచ్చింది. కీ వదిలితే చప్పుడు ఆగింది, మళ్లీ తిప్పితే మళ్లీ మొదలైంది.

“అన్నా, బ్యాటరీ దిగిపోయింది” అన్నాడతను. నేనూ అదే అనుకున్నాను. సెల్ఫ్ (ఇంజన్‌ను తిప్పి స్టార్ట్ చేసే మోటారు) టకటకలాడితే బ్యాటరీ పోయిందని ఈ యంత్రాలతో పనిచేసే ఎవరైనా అంటారు, పదింట ఎనిమిదిసార్లు ఆ మాట నిజం కూడా అవుతుంది. ఆ క్షణంలో ప్యానెల్ మీది దీపాలు ఏమాత్రం మసకబారకుండా నిండుగా వెలుగుతూనే ఉండడం నా కళ్లతో చూశాను. చూశానే గాని దాని అర్థం ఆలోచించలేదు. తరువాత నాలుగు రోజులు నేను పడిన తిప్పలన్నిటికీ మూలం ఆ ఆలోచించకపోవడమే.

ఆ చప్పుడు ఎందుకు వస్తుందో ముందు చెప్పాలి. కీ తిప్పినప్పుడు కరెంటు నేరుగా సెల్ఫ్ మోటారుకు వెళ్లదు. ముందు సెల్ఫ్ మీద ఉన్న సోలనాయిడ్ కాయిల్‌కు వెళ్తుంది. ఆ కాయిల్ ఒక ఇనుప కడ్డీని లాగుతుంది, ఆ కడ్డీ చిన్న పళ్లచక్రాన్ని ఫ్లైవీల్ పళ్లలోకి నెట్టి, అదే ఊపులో రాగి కాంటాక్టులను కలుపుతుంది. అప్పుడే వందల ఆంపియర్ల కరెంటు మోటారులోకి పారుతుంది. అంత కరెంటు ఒక్కసారిగా పారేసరికి వోల్టేజి కుప్పకూలితే కాయిల్‌కు పట్టు సరిపోక కడ్డీ వెనక్కి జారుతుంది, కాంటాక్టులు విడిపోతాయి, కరెంటు ఆగగానే వోల్టేజి లేస్తుంది, కాయిల్ మళ్లీ లాగుతుంది. ఈ లాగడం, వదలడం సెకనుకు చాలాసార్లు జరిగితే మనకు వినిపించేది ఆ టకటకలే. కూలిపోయేది కాయిల్ దగ్గరి వోల్టేజి అన్నంత వరకు నిజం. అది బ్యాటరీ వల్లే కూలిందని మాత్రం ఆ చప్పుడు చెప్పదు.

మొదటి రోజు మీటరు పెడితే బ్యాటరీ 12.3 వోల్టులు చూపింది. నిండుగా చార్జ్ అయి, కాసేపు విశ్రాంతిగా ఉన్న బ్యాటరీ 12.6 లేదా అంతకు కొంచెం పైన ఉండాలి, 12.0కు దిగిందంటే పావు వంతు చార్జ్ మాత్రమే మిగిలినట్టు లెక్క. 12.3 అంటే సగానికి పైనే ఉందన్నమాట. అది గొప్ప స్థితి కాదు గాని, ఇంజన్‌ను ఒక్క చుట్టు కూడా తిప్పలేనంత దీనస్థితీ కాదు. కానీ బ్యాటరీకి వయసు మీద పడింది కదా అన్న సమాధానం అప్పటికే నా దగ్గర సిద్ధంగా ఉంది. జంపర్ కేబుళ్లు తెచ్చి పక్క యంత్రం నుంచి కరెంటు అందించాము. పద్ధతి ప్రకారమే చేశాను: ఎర్ర క్లిప్పులు రెండు పాజిటివ్‌ల మీద, నల్ల క్లిప్పులో ఒకటి ఆ యంత్రపు బ్యాటరీ నెగటివ్ మీద, చివరిది మన బ్యాటరీకి దూరంగా ఇంజన్ బ్లాకు మీద. చార్జింగ్‌లో బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది, ఆఖరి క్లిప్పు దగ్గర నిప్పురవ్వ లేస్తే అది అంటుకుంటుంది, అందుకే ఆ దూరం. కీ తిప్పగానే ఇంజన్ గిర్రున తిరిగి స్టార్ట్ అయింది. బ్యాటరీ పోయిందన్న మా తీర్పుకు దానితో ముద్ర పడిపోయింది.

ఆ రోజంతా కుర్రవాడు ఇంజన్ ఆపకుండానే పని ముగించాడు. మధ్యలో ఒకసారి నేను ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ మీద మీటరు పెట్టాను. 12.9 కనిపించింది. ఆల్టర్నేటర్ సరిగ్గా చార్జ్ చేస్తుంటే అక్కడ 14 వోల్టుల చుట్టుపక్కల కనిపించాలి. ఆల్టర్నేటర్ కూడా మూలబడుతున్నట్టుంది, దాని సంగతి తరువాత చూద్దాం అనుకున్నాను. అంటే మొదటి రోజు సాయంత్రానికే బ్యాటరీ పోయింది, ఆల్టర్నేటర్ పోతోంది అని రెండు వేర్వేరు నిర్ధారణలు నా దగ్గర తయారయ్యాయి. రెండూ తప్పే.

రెండో రోజు ఉదయం మళ్లీ అవే టకటకలు. కొత్త బ్యాటరీకి చెప్పాము. అది వచ్చేలోగా చేతులు కట్టుకుని కూర్చోవడం ఎందుకని, గంటల మీటరు ప్రకారం ఎలాగూ సర్వీసు దగ్గర పడింది గనుక, డీజిల్ ఫిల్టర్ మార్చి, నీరు వేరుచేసే గిన్నెను ఖాళీ చేసి శుభ్రం చేశాను. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది. సాయంత్రం కొత్త బ్యాటరీ వచ్చింది. పాతది తీసేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు నెగటివ్ చివర అన్న క్రమం పాటించి, మీటరు పెడితే 12.7. ఇక ఏ అనుమానమూ లేకుండా కీ తిప్పాను.

టకటకటక.

మనిషి నోట మాట రాకపోవడం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. కుర్రవాడు నా ముఖం చూడకుండా బకెట్ పళ్ల వైపు చూస్తూ నిలబడ్డాడు.

మూడో రోజు ఉదయం ఇంకొక అరగంట వృథా చేశాను. ఈ యంత్రంలో సీటు కింద ఒక స్విచ్చు, సేఫ్టీ బార్ దగ్గర ఒక సెన్సార్ ఉంటాయి. మనిషి సీట్లో లేకపోయినా, బార్ కిందికి దిగకపోయినా పని జరగనివ్వని ఏర్పాటు అది. కొన్ని యంత్రాలలో అది సెల్ఫ్‌నే ఆపుతుంది, కొన్నింటిలో ఇంజన్‌ను స్టార్ట్ కానిచ్చి, బకెట్‌ను ఎత్తే చేతులను, చక్రాలను మాత్రం కదలనివ్వదు. ఆ కనెక్టర్లు విప్పాను, ఊదాను, బిగించాను, రిలే తీసి పక్కనున్న అలాంటి రిలేతో మార్చి చూశాను. ఇదంతా అనవసరమని కొంచెం నిదానంగా ఆలోచిస్తే తెలిసేదే. సోలనాయిడ్ టకటకలాడుతోందంటే దానికి ఆజ్ఞ అందుతోందన్న మాట. కీ, ఫ్యూజు, రిలే, సీటు స్విచ్చు అన్నీ దాటుకునే ఆ ఆజ్ఞ అక్కడికి చేరుతుంది. అసలు ఏ చప్పుడూ రాకపోతే ఆ దారి వెతకాలి. చప్పుడు వస్తుంటే వెతకవలసింది లావు కేబుళ్ల దారిని.

ఇక్కడే ఒక మాట చెప్పి ముందుకు సాగుతాను. సీటు స్విచ్చుకు అడ్డంగా చిన్న వైరు ముక్క వేసి మోసగించడం, సెల్ఫ్ టెర్మినళ్లను స్క్రూడ్రైవర్‌తో కలిపి బయటి నుంచే ఇంజన్ తిప్పడం చాలామంది చేసే పనులు. ఈ యంత్రంలోకి మనిషి ఎక్కేదీ దిగేదీ ముందు వైపు నుంచి, లేచే చేతుల మధ్య నుంచి, బకెట్ మీదుగా. కాపలా కాసే ఆ స్విచ్చులను చంపేస్తే చేతులు ఎప్పుడు కిందికి వస్తాయో చెప్పలేము. అమెరికాలోని వృత్తి భద్రతా పరిశోధన సంస్థ నయాష్ 1998లోనే స్కిడ్ స్టీర్ లోడర్ల మరణాల మీద ప్రత్యేకంగా ఒక హెచ్చరిక పత్రం వెలువరించింది. లేచిన చేతుల కింద, బకెట్‌కూ ఫ్రేముకూ మధ్య నలిగిపోవడం అందులో ముఖ్యంగా చెప్పిన ప్రమాదం. ఆ స్విచ్చులను పనిచేయకుండా చేయవద్దని కూడా అది చెబుతుంది. మా కుర్రవాడు స్క్రూడ్రైవర్ పట్టుకుని దగ్గరికి రావడం చూసి నేను గట్టిగానే మాట్లాడవలసి వచ్చింది.

చివరికి నాకు తెలిసిన ఒక పెద్ద మెకానిక్‌కు ఫోన్ చేశాను. నలభై ఏళ్లుగా డీజిల్ ఇంజన్ల మీద పనిచేసిన మనిషి. కథంతా విని ఆయన మొదట అడిగింది ఇది: “బ్యాటరీ మార్చావు, సరే. మార్చక ముందు ఏం కొలిచావు బాబూ?”

“12.3 ఉందండీ.”

“అది ఊరికే ఉన్నప్పుడు. కీ తిప్పి పట్టుకున్నప్పుడు ఎంత?”

నా దగ్గర జవాబు లేదు. ఆయన ఇంకో రెండు ప్రశ్నలు వేశారు. టకటకలాడుతున్నప్పుడు ప్యానెల్ దీపాలు తగ్గుతున్నాయా అన్నది ఒకటి. తగ్గడం లేదని చెప్పాను. జంపర్ వేసినప్పుడు నల్ల క్లిప్పు ఎక్కడ పెట్టావన్నది రెండోది. ఇంజన్ బ్లాకు మీద అన్నాను. ఫోన్‌లో చిన్న నవ్వు వినిపించింది. “అయితే ఎర్త్ చూసుకో. బ్యాటరీ నుంచి కాదు, చాసిస్ నుంచి ఇంజన్‌కు వెళ్లే ఎర్త్. కొలిచి చెప్పు” అని పెట్టేశారు.

ఆ రెండు ప్రశ్నలు ఎక్కడి నుంచి వచ్చాయో నాకు అర్థం కావడానికి కొంత సేపు పట్టింది. బ్యాటరీ నిజంగానే బలహీనమైతే, సెల్ఫ్ కరెంటు లాగినప్పుడల్లా మొత్తం యంత్రానికే వోల్టేజి పడిపోవాలి. దీపాలు మసకబారాలి, ఒక్కోసారి పూర్తిగా ఆరిపోవాలి. దీపాలు నిండుగా ఉన్నాయంటే బ్యాటరీ దగ్గర వోల్టేజి నిలబడే ఉంది, సెల్ఫ్‌కు మాత్రం అందడం లేదు. ఇక నల్ల క్లిప్పు సంగతి. ఈ యంత్రంలో బ్యాటరీ నెగటివ్ కేబుల్ చాసిస్‌కు బిగించి ఉంది. ఇంజన్ కూర్చున్నదేమో రబ్బరు మౌంటింగుల మీద, రబ్బరు గుండా కరెంటు పారదు. చాసిస్‌కూ ఇంజన్‌కూ మధ్య ఉన్న ఒకే ఒక్క మంచి దారి జడలా అల్లిన రాగి పట్టీ. సెల్ఫ్ మోటారులోకి వెళ్లిన కరెంటంతా బ్లాకు గుండా, ఆ పట్టీ గుండా, చాసిస్ గుండా బ్యాటరీకి తిరిగి రావాలి; ఈ తిరుగుదారినే ఎర్త్ అంటారు. నేను జంపర్ నల్ల క్లిప్పును బ్లాకు మీద పెట్టినప్పుడు, తెలియకుండానే ఆ పట్టీని తప్పించి కరెంటుకు పక్కదారి చూపాను. ఇంజన్ స్టార్ట్ అయింది పక్క యంత్రపు బ్యాటరీ బలం వల్ల కాదు, నల్ల కేబుల్ వల్ల! భద్రత కోసం చెప్పిన సరైన పద్ధతిని తు.చ. తప్పకుండా పాటించినందువల్లే నేను తప్పుడు నిర్ణయానికి వచ్చాను. అదే అజాగ్రత్తగా నల్ల క్లిప్పును మా బ్యాటరీ నెగటివ్ మీదే పెట్టి ఉంటే టకటకలు ఆగేవి కావు, లోపం బ్యాటరీలో లేదని మొదటి రోజే తేలిపోయేది.

కొలత దగ్గరికి వస్తాను, ఎందుకంటే అసలు విషయం అక్కడే ఉంది. నేను మొదట చేసిన తెలివితక్కువ పని, మీటరును ఓముల మీద పెట్టి చాసిస్‌కూ బ్లాకుకూ మధ్య కొలవడం. 0.4 చూపింది. మీటరు ముల్లులు రెండింటినీ ఒకదానికొకటి తాకించినా 0.3 చూపుతోంది. ఆ లెక్కన పట్టీ దివ్యంగా ఉన్నట్టే. కానీ సెల్ఫ్ లాగేది వందల ఆంపియర్లలో. 0.08 ఓము అంటే మామూలు మీటరుకు కంటికి ఆనని నిరోధం, ఆ 0.08 గుండా 100 ఆంపియర్లు పారితే 8 వోల్టులు అక్కడే ఖర్చయిపోతాయి, సెల్ఫ్‌కు మిగిలేది నాలుగే. నిరోధాన్ని ఊరికే ఉన్నప్పుడు కొలిస్తే దొరకదు. కరెంటు పారుతున్నప్పుడు ఎక్కడెక్కడ ఎన్ని వోల్టులు పోతున్నాయో చూడాలి. దీన్నే వోల్టేజి డ్రాప్ పరీక్ష అంటారు.

ఇంజన్ అనుకోకుండా అందుకోకుండా ఉండేందుకు డీజిల్ ఆపే సోలనాయిడ్ కనెక్టర్ తీసేశాను. బకెట్ నేలకు ఆనించి ఉంది, చక్రాలకు అడ్డుకట్టలు వేశాము. కుర్రవాడు సీట్లో కూర్చుని నేను చెప్పినప్పుడు మాత్రమే, మూడు నాలుగు సెకన్లు మాత్రమే కీ తిప్పాలి. మీటరును డీసీ వోల్టుల మీద పెట్టి ముందుగా బ్యాటరీ రెండు ధ్రువాల మధ్య చూశాను. టకటకలు సాగుతుండగా కూడా 12.2కు తగ్గలేదు. సెల్ఫ్ తిప్పుతున్నప్పుడు మంచి బ్యాటరీ సైతం పది, పదకొండుకు దిగాలి, 9.6 కన్నా కిందికి పోతేనే దాన్ని అనుమానించాలి. అసలు దిగకపోవడం అంటే పారవలసిన కరెంటు పారడం లేదని. తరువాత బ్యాటరీ పాజిటివ్ నుంచి సెల్ఫ్ మీది లావు టెర్మినల్ వరకు కొలిస్తే 0.2. అర వోల్టు లోపు ఉంటే ఆ వైపు బెంగ లేదు. ఇక ఎర్త్ వైపు. ఒక ముల్లు బ్యాటరీ నెగటివ్ స్తంభం మీద, రెండోది బ్లాకు మీద రంగు లేని శుభ్రమైన బోల్టు తల మీద.

“తిప్పు” అన్నాను.

అంకెలు కుదురుగా నిలవలేదు. 3.1, 6.4, 2.8, 7.2 అంటూ టకటకలతో పాటే గంతులు వేశాయి. మీటరులో గరిష్ఠాన్ని పట్టి ఉంచే బటన్ నొక్కి మళ్లీ తిప్పిస్తే 7.9 దగ్గర ఆగింది. పావు వోల్టు కూడా ఉండకూడని చోట దాదాపు ఎనిమిది. బ్లాకు మీది ముల్లును తీసి చాసిస్ మీద పెడితే 0.1. చాసిస్ నుంచి బ్లాకుకు పెడితే 7.8. పట్టీ తప్ప మధ్యలో ఇంకేమీ లేదు. మూడు రోజులుగా వెతుకుతున్నది మూడు నిమిషాలలో దొరికింది.

నమ్మకం కోసం జంపర్ నల్ల కేబుల్ ఒక్కదాన్ని తీసుకుని, ఒక కొస మా కొత్త బ్యాటరీ నెగటివ్‌కు, రెండో కొస బ్లాకుకు తగిలించి కీ తిప్పించాను. ఏ యంత్రం సాయమూ లేకుండా ఇంజన్ గట్టిగా, సమానమైన లయతో తిరిగింది. ఆ చప్పుడు వినడం కోసమే ఇంకొకసారి తిప్పించానని ఒప్పుకుంటాను. సంబరంలో డీజిల్ సోలనాయిడ్ కనెక్టర్ మళ్లీ పెట్టి, గ్లో ప్లగ్గులు వేడెక్కే దాకా ఆగి, స్టార్ట్ చేయమన్నాను. తిరిగింది. పది సెకన్లు తిరిగింది, అందుకోలేదు. సెల్ఫ్‌ను ఎడతెరపి లేకుండా తిప్పితే దాని వైండింగ్ కాలిపోతుంది గనుక రెండు నిమిషాలు ఆగి మళ్లీ, మళ్లీ ఆగి ఇంకొకసారి. తిరుగుతోంది గాని బతకడం లేదు. పొద్దు వాలింది, ఆపేశాము.

ఆ రాత్రి పడుకున్నాక తట్టింది. నిన్న నేను మార్చిన డీజిల్ ఫిల్టర్! మార్చేటప్పుడు లైనులోకి గాలి చేరి డీజిల్‌ను అడ్డుకుంటుంది, ఆ గాలి తీశానా? తీయలేదు. బ్యాటరీ వచ్చిందన్న కబురు రాగానే స్పానర్ కింద పెట్టి పరుగెత్తాను. అప్పటి నుంచి ఇంజన్ ఒక్క చుట్టు కూడా తిరగలేదు గనుక ఆ సంగతి బయటపడే అవకాశమే రాలేదు. ఒక లోపాన్ని వెతుకుతూ రెండో లోపాన్ని నా చేతులతో నేనే తయారు చేశాను. మరునాడు ఉదయం కుర్రవాడు “నాజిళ్లు పోయాయేమో అన్నా” అంటుంటే తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను.

అయితే ముందు పట్టీ పని ముగించాలి. పట్టీ ఇంజన్ ఎడమ వైపున, ఫ్లైవీల్ కవచం పక్కన, కింద ఎక్కడో ఉంది. ఈ యంత్రం పుట్టిందే ఇరుకు చోట్ల కోసం. 1957లో కెల్లర్ సోదరులు దీని తొలి రూపాన్ని ఒక టర్కీ కోళ్ల షెడ్డు శుభ్రం చేయడానికి తయారు చేశారట. ఇరుకులో తిరగగలిగేలా తీర్చిన యంత్రంలో ఇంజన్‌కూ ఇరుకు గదే దక్కింది, మెకానిక్ చేతికి అసలు చోటే దక్కలేదు. క్యాబిన్ వెనక్కి వంచితే గాని అక్కడికి చేయి పోదు. క్యాబిన్ వంచడానికి మా యంత్రంలో చేతులను పైకి లేపవలసిన పని లేకపోవడం అదృష్టం. లేపవలసిన యంత్రమైతే తయారీదారు ఇచ్చిన ఆపుడు కడ్డీని సిలిండర్ మీద పెట్టకుండా కిందికి తల దూర్చకూడదు. కీ తీసి జేబులో వేసుకుని, బ్యాటరీ నెగటివ్ విప్పి, క్యాబిన్ వంచి దాని లాక్ పడిందని రెండుసార్లు చూసుకుని లోపలికి వంగాను.

టార్చి వేసి చూస్తే పైకి పట్టీ బాగానే ఉన్నట్టు కనిపించింది; నూనె, దుమ్ము కలిసి దాని మీద నల్లటి పొర కట్టాయి. చాసిస్ వైపు బోల్టు విప్పగానే లగ్గు (పట్టీ కొసన బోల్టు దూరే లోహపు చెవి) కింద నుంచి పచ్చటి చిలుము పొడి రాలింది. లగ్గు వెనక వైపు లోహం రంగే లేదు, అంతా పచ్చ, తెలుపు పెచ్చులు. చాసిస్ మీద బోల్టు కూర్చునే చోట ఎప్పుడో వేసిన రంగు పొర అలాగే ఉంది. అంటే ఇన్నాళ్లూ కరెంటు బోల్టు మరల గుండా మాత్రమే పారుతోంది. ఇంజన్ వైపు కొస దగ్గర పట్టీని వేళ్లతో వంచితే పోగులు పుటపుట తెగిపోయాయి. ఇంజన్ అదురుకు ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా తెగుతూ, చివరికి పావు వంతు పోగులు కూడా మిగల్లేదు. దానికి దగ్గరలోనే యాక్సిలరేటర్ కేబుల్ పైతొడుగు ఒకచోట మెత్తబడి, కరిగి, బ్రాకెట్‌కు అంటుకుని ఉంది. మంచి దారి మూసుకుపోతే కరెంటు ఇంజన్‌నూ చాసిస్‌నూ కలిపే ఏ లోహాన్నైనా పట్టుకుని పోవాలని చూస్తుంది. ఆ సన్నటి తీగ దాన్ని మోయలేక కాలింది. అది చూసినప్పుడు మాత్రం నాకు కొంచెం భయమే వేసింది, ఎందుకంటే దానికి జానెడు దూరంలోనే డీజిల్ గొట్టం ఉంది.

రెండు చోట్లా రంగును, చిలుమును ఎమెరీ పేపరుతో గీకి, వెండిలా మెరిసే లోహం కనిపించేదాకా రుద్దాను. పాత పట్టీ కన్నా లావైన కొత్త రాగి కేబుల్‌ను, రెండు కొసలా నొక్కి బిగించిన లగ్గులతో, పళ్ల వాషర్ వేసి బిగించాను. గ్రీసు బిగించిన తరువాత పైనుంచి పూయాలి గాని ముందు లగ్గు కింద పూయకూడదు. లోహం లోహాన్నే తాకాలి. యాక్సిలరేటర్ కేబుల్ కూడా మార్చాము. బ్యాటరీ నెగటివ్ పెట్టి, డీజిల్ సోలనాయిడ్ తీసి ఉంచే, మళ్లీ అదే కొలత: బ్యాటరీ నెగటివ్ నుంచి బ్లాకుకు, సెల్ఫ్ తిరుగుతుండగా 0.15. బ్యాటరీ మీద 10.7. దీపాలు ఇప్పుడు మసకబారాయి! కరెంటు నిజంగా పారుతున్నప్పుడు అవి కొంచెం మసకబారడమే ఆరోగ్యం.

డీజిల్ పని తేలికే. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు పొగగొట్టం వైపు చూడడం ఒక్కటే దానికి కావలసిన పరీక్ష. తెల్లటి పొగ వస్తుంటే డీజిల్ సిలిండర్లోకి చేరుతోంది గాని మండడం లేదని. పొగ అసలు లేకపోతే డీజిలే చేరడం లేదని. మాకు పొగ జాడ లేదు. ముందు, ఇంధనం ఆపే సోలనాయిడ్ కీ తిప్పగానే ‘టిక్’మని లాగుతోందో లేదో చెవి పెట్టి విన్నాను; లాగుతోంది. ఫిల్టర్ తల మీద గాలి వదిలే స్క్రూను ఒక చుట్టు వదులు చేసి, చేతిపంపు నొక్కడం మొదలుపెట్టాను. మొదట పంపు గాలి బుడ్డలా మెత్తగా, ఏ బరువూ లేకుండా నొక్కుకుంది. ముప్పై నలభైసార్లు నొక్కాక స్క్రూ దగ్గర బుసబుసమని నురుగు, తరువాత నురుగులో బుడగలు, తరువాత బుడగ లేని పలచటి ధార. స్క్రూ బిగించాక పంపు వేలికి రాయిలా గట్టిగా తగిలింది. ఇంజెక్షన్ పంపు మీది స్క్రూ దగ్గర కూడా ఇదే. ఇది పాత మెకానికల్ పంపు గనుక ఇంత ధైర్యంగా చేశాను. ఇంజెక్టర్లన్నిటికీ ఒకే గొట్టం నుంచి చాలా ఎక్కువ పీడనంతో డీజిల్ అందే కామన్ రైల్ ఇంజన్లలో అధిక పీడనపు గొట్టాల నట్లు ఎప్పుడూ వదులు చేయకూడదు, అక్కడి ధార చర్మాన్ని చీల్చుకుని ఒంట్లోకి పోతుంది.

ఈలోగా ఎవరో ఇట్టే అంటుకునే ఈథర్ స్ప్రే డబ్బా తెచ్చి, గాలి ఫిల్టర్లో కొడితే చిటికెలో అందుకుంటుందన్నారు. గ్లో ప్లగ్గులు ఉన్న ఇంజన్‌లోకి ఈథర్ కొడితే ఎర్రగా కాలిన ప్లగ్గు దాన్ని వేళ కాని వేళ అంటించి పిస్టన్ పగలగొట్టగలదు. వద్దన్నాను.

కీ తిప్పించాను. రెండు చుట్లు ఏమీ లేదు. మూడో చుట్టుకు పొగగొట్టం నుంచి తెల్లటి పొగ గుప్పుమంది. ఒక సిలిండర్ దగ్గింది, ఆగింది, మళ్లీ దగ్గింది, రెండోది తోడైంది, ఒంటికాలి మీద గెంతుతున్నట్టు కుంటుకుంటూ నాలుగూ అందుకున్నాయి. అర నిమిషంలో పొగ పలచబడి, చప్పుడు కుదుటపడింది.

ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ మీద మీటరు పెట్టాను: 14.2. మొదటి రోజు 12.9 చూపిన ఆల్టర్నేటర్‌ను ఎవరూ ముట్టుకోలేదు. ఆల్టర్నేటర్ కూడా బ్లాకుకే బిగించి ఉంటుంది, దాని కరెంటు తిరిగి వెళ్లవలసిందీ ఆ పట్టీ గుండానే గనుక, వోల్టు పైచిలుకు దారిలోనే పోతూ బ్యాటరీ ఎప్పుడూ సగం ఆకలితో ఉండిపోయింది. పాత బ్యాటరీ 12.3 దగ్గర ఉండడానికి కారణం అదే. గ్లో ప్లగ్గులకూ ఎర్త్ బ్లాకే. అంతకు ముందు వారం రోజులుగా ఉదయం పూట సెల్ఫ్ బద్ధకంగా తిరగడం, స్టార్ట్ అయ్యాక తెల్లపొగ ఎక్కువ సేపు రావడం మేము గమనించి, చలి కదా అని సరిపెట్టుకున్నాము. పాత బ్యాటరీని చార్జర్ మీద పెట్టి నింపి, లోడ్ పరీక్ష చేయిస్తే నెగ్గింది. ఇప్పుడది షెడ్డులో అదనపు బ్యాటరీగా కూర్చుని ఉంది; దాన్ని చూసినప్పుడల్లా కుర్రవాడు ఏమీ అనడు గాని, నవ్వు ఆపుకుంటాడు.

పెద్దాయనకు ఫోన్ చేసి 7.9 అని, ఇప్పుడు 0.15 అని చెప్పాను. “ఆ అంకె ఎక్కడైనా రాసిపెట్టు” అన్నారు. వెనక తలుపు లోపలి వైపు నూనె తుడిచి, తెల్ల పెయింట్ పెన్నుతో ‘ఎర్త్, సెల్ఫ్ తిరుగుతుండగా 0.15’ అని తేదీ వేసి రాశాను. నెల తరువాత అదే చోట్ల ముల్లులు పెట్టి కొలిస్తే 0.16 వచ్చింది, దాని కింద అది కూడా రాశాను.